పరాయి చెట్లు – పాడి రైతు

(భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యులకు జరిగిన శిక్షణ సమావేశంలో పశుగ్రాసంపై చేసిన ప్రసంగ పాఠం)



పశుగ్రాసం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను చెట్ల గురించి మాట్లాడదలచుకున్నాను. కారణం ఏమంటే, సత్తుపల్లి దాటినప్పటి నుంచి ఇక్కడి దాకా బస్సు కిటికీలోంచి చూస్తూనే వచ్చాను. రోడ్డుకు రెండు పక్కలా జామాయిలు, సుబాబులు, పామాయిలు. పచ్చదనానికి లోటు లేదు. కాని ఆ పచ్చదనంలో ఒక గేదె నోటికి అందేది ఎంత అని లెక్క వేసుకుంటూ వచ్చాను. చాలా తక్కువ తేలింది.

ఇంతకుముందు ఒక సమావేశంలో ఒక యువ సభ్యుడు లేచి, ఇవన్నీ పరాయి దేశపు చెట్లు, అన్నిటినీ పీకెయ్యాలి అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ అబ్బాయిపై నాకు కోపం లేదు. అతని వయసులో నేను సరిగ్గా దీనికి ఎదురు మాట చెప్పి, ఇంతకన్నా గట్టిగా చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మన కొట్టంలోకే చూద్దాం. అక్కడ కట్టేసిన జెర్సీ ఆవు ఇంగ్లీషు వాళ్ళ కాలువలోని ఒక చిన్న దీవి నుంచి వచ్చింది. దాని ముందు వేసిన నేపియర్ గడ్డి పుట్టిల్లు ఆఫ్రికా. మీరు కూరలో వేసే మిరపకాయ, దొడ్లో జామచెట్టు, బొప్పాయి, అడవి అంచున మీరు ఏరి సంతలో అమ్మే సీతాఫలం, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సీమచింత అన్న పేరులోనే అది ఎక్కడిదో చెప్పే మాట ఉంది. ఊరి ముందు నీడనిచ్చే చింతచెట్టు కూడా చాలా పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినదేనని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. 1983లో కర్ణాటకలో తుమకూరు జిల్లా రైతులు మూకుమ్మడిగా కదలి వెళ్ళి, అటవీ నర్సరీలోని నీలగిరి మొక్కలను పీకివేశారు. వాటి స్థానంలో చింతగింజలు, మామిడి టెంకలు నాటారు. ఒక పరాయి చెట్టును పీకి మరో పరాయి చెట్టును నాటారన్న మాట. అయినా వారు చేసింది తప్పని నేను అనను. చింత మనతో ఇంతకాలం ఉండి, మన పులుసులో కలిసి, మన పశువుకు నీడ ఇచ్చింది. జామాయిలు ఇంకా ఆ పరీక్షకు నిలబడలేదు.

ఒక చెట్టును గురించి మనుషుల మాట ఎలా మారుతుందో చెప్పడానికి సర్కారు తుమ్మ కథ ఒకటి చాలు. దీన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో విత్తారు. కరువు ప్రాంతానికి కట్టెలు దొరుకుతాయని తెల్ల దొరల ప్రభుత్వం తెప్పించింది. సర్కారు తెచ్చింది కనుక సర్కారు తుమ్మ అయింది. మొదట కంచె అన్నారు, వంటచెరకు అన్నారు, బొగ్గు అన్నారు. తీపి కాయలు పశువులు ఇష్టంగా తింటాయని మా శాఖవాళ్ళం కూడా మెచ్చుకున్నాం. ఆ కాయలోని గింజ పశువు కడుపులో అరగక, పేడతో కలిసి, చెరువు శిఖంలోను, బీడులోను మొలిచింది. ఇప్పుడు దాన్ని పెకలించడానికి సర్కారే డబ్బు పెడుతోంది. కాయలు మేపదలిస్తే పిండి ఆడించి మేపండి. మన ప్రాంతంలో దీని బెడద మెట్ట జిల్లాలంత లేదు కనుక ఇంతటితో వదిలేస్తాను.

ఇక నా సంగతి. 1980 దశకం తొలి ఏళ్ళలో, మండలాలు రాక ముందు, సమితులు ఉన్న రోజుల్లో నేను ఈ వైపు గ్రామాల్లో పాల సంఘాల పర్యవేక్షకుడిగా తిరిగేవాణ్ణి. సైకిలు హ్యాండిలుకు చేతిసంచి, సంచిలో సుబాబుల్ గింజలు. అప్పట్లో ఆ చెట్టు పేరు చెబితే మాకు ఒళ్ళు పొంగేది. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల చెట్టు. 1977లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ దీన్ని గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేసింది. మన దేశంలో పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో మణిభాయి దేశాయి స్థాపించిన బైఫ్ సంస్థ కె-8 అనే ఎత్తయిన రకాన్ని పాడి రైతులకు అందించింది. ‘సు’ అంటే మంచి, ‘బబూల్’ అంటే తుమ్మ. మంచి తుమ్మ అని పేరే పెట్టుకున్నాం. ఎండు ఆకులో నూటికి ఇరవై వంతులకు పైగా మాంసకృత్తులు. తెలగపిండి కొనలేని ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి?

గింజ పెంకు గట్టిది. మరిగి దింపిన నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తర్వాత చల్లని నీళ్ళలో రాత్రంతా నానబెట్టి విత్తమని ఇంటింటికీ చెప్పాను. గట్టున ఎలా వేయాలి, ఎంత ఎత్తున కోయాలి, ఎన్ని రోజులకు మళ్ళీ కోయాలి, అన్నీ చెప్పాను. ఎంత మేపాలో మాత్రం చెప్పలేదు. నాకే సరిగా తెలియదు.

ఒక ఇంట్లో చూడి గేదెకు ఎండాకాలమంతా వేరే పచ్చిమేత లేక సుబాబుల్ ఆకే వేశారు. మొదట తోకకుచ్చు వెంట్రుకలు రాలాయి. తర్వాత చొంగ కార్చడం మొదలుపెట్టింది, మేత తగ్గించింది. ఈనిన దూడకు గొంతు దగ్గర వాపు. నాలుగో రోజున దూడ పోయింది. గేదె ఆ ఈతలో సరిగా చేపనే లేదు. ఆ ఇంటి పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి, మిగిలిన గింజల మూట తెచ్చి నా చేతిలో పెట్టి, “ఇవి నువ్వే తీసుకుపో నాయనా” అన్నది. తిట్టినా బాగుండేది.

తర్వాత తెలుసుకున్నాను. సుబాబుల్ ఆకులో, ముఖ్యంగా లేత చిగుళ్ళలో, మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. దాని వలన వెంట్రుకలు రాలతాయి. పశువు పొట్టలో అది మరొక పదార్థంగా మారి గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిని చెడగొడుతుంది. ఆస్ట్రేలియాలోనూ పశువులకు ఇదే జరిగింది. కాని హవాయి దీవుల్లో మేకలు అదే ఆకును కడుపునిండా తిని నిక్షేపంగా ఉండేవి. ఇదెలాగని రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఆలోచించాడు. హవాయి మేకల పొట్టలో ఆ విషాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉన్నాయని 1980 దశకం మొదట్లో తేలింది. వాటిని తీసుకువచ్చి ఆస్ట్రేలియా పశువుల పొట్టలో ఎక్కిస్తే అవీ హాయిగా తినసాగాయి. 1992లో ఆ సూక్ష్మజీవికి ఆయన పేరే కలిపి పెట్టారు. చెట్టును ఓడలెక్కించి తెచ్చినవారు, దాన్ని అరిగించే ఆ కంటికి కనిపించని జీవిని వెంట తేలేదు. తేవాలని వారికి తెలియదు.

చెట్టు ముందుగా వస్తుంది, దాని బంధువర్గం వెనక వస్తుంది. 1988లో మన దేశానికి సుబాబుల్ చిగుళ్ళ రసం పీల్చే ఆవగింజంత పురుగు వచ్చింది. అదీ అమెరికా ఖండపుదే. చిగుళ్ళు ముడుచుకుపోయి చాలాచోట్ల మేతకు కోయడానికి ఆకే లేకపోయింది. దాన్ని తినడానికి నీలిరంగు అక్షింతల పురుగును మళ్ళీ బయటి నుంచే తెప్పించవలసి వచ్చింది. క్రమంగా సుబాబుల్ మేతచెట్టుగా వెనకబడి, కాగితపు మిల్లు కలపచెట్టుగా ముందుకు వచ్చింది. ఖమ్మం, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చేలకు చేలు దీనికిందికి వెళ్ళాయి. ధర పలికిన ఏడు దేవత అన్నారు. పలకని ఏడు రోడ్డు మీద కూర్చున్నారు. మరోపక్క ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసే 100 పరాయి జీవుల జాబితాలో దీన్ని చేర్చారు. చెట్టు మాత్రం ఈ నలభై ఏళ్ళలో ఏమీ మారలేదు. కాయ కాస్తూనే ఉంది.

ఇక జామాయిలు. ఆస్ట్రేలియా చెట్టు. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ నంది కొండపై వేయించాడంటారు. 1843 నుంచి తెల్లవారు నీలగిరి కొండలపై వంటచెరకు కోసం పెంచారు. అందుకే దానికి నీలగిరి అన్న పేరు వచ్చింది. మన వైపు అది తోటలుగా పెరగడం 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థతో ఊపందుకొంది. సత్తుపల్లి, పాల్వంచ, కొత్తగూడెం వైపు మిశ్రమ అడవిని కొట్టి, వరుసలు తీసి నాటారు. 1979లో సారపాకలో గోదావరి ఒడ్డున కాగితపు అట్టల మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టింది. 1988 జాతీయ అటవీ విధానం, పరిశ్రమలు తమ కలపను సహజ అడవి నుంచి కాక రైతుల పొలాల నుంచి సమకూర్చుకోవాలన్నది. 1989 మొదలు ఆ మిల్లువారు ఏపుగా పెరిగిన చెట్ల కొమ్మలు నాటి క్లోన్లు తయారుచేశారు. భద్రాచలం క్లోన్లంటే ఇతర రాష్ట్రాల వారికీ తెలుసు. అలా ఆ చెట్టు అడవిలోంచి మన చేలలోకి నడిచి వచ్చింది.

తోటలు వేస్తున్న రోజుల్లో ఒక కోయగూడెంలో మందలు కాసే పెద్దాయన నాతో అన్నాడు: “సారూ, దీన్ని మేక ముట్టదు, బర్రె ముట్టదు. కింద గడ్డి సరిగ మొలవదు. ఇదేం చెట్టు?” నేను పెద్ద తెలిసినవాడిలా, ఇది దేశాభివృద్ధి చెట్టు అని చెప్పాను. మేక ముట్టదన్నది ఆయనకు దాని అవగుణం. తోట వేసినవారికి అదే సుగుణం. కంచె అక్కరలేదు, కావలి అక్కరలేదు. కొట్టేసిన మిశ్రమ అడవిలో ఇప్ప ఉంది, నల్లమద్ది ఉంది, తునికి ఉంది, మోదుగ ఉంది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో పశువులు తెల్లవారకముందే ఆ చెట్ల కిందికి పరుగెత్తేవి. దాన్నంతా మేము కలపకు పనికిరాని అడవి అని పిలిచాం. ఆ మాట నేనూ వాడాను.

పదిహేనేళ్ళ తర్వాత అదే గూడేనికి వెళ్ళాను. ఆ పెద్దాయన కొడుకు మూడెకరాల చెలకలో జామాయిలు క్లోన్లు వేశాడు. నాలుగేళ్ళకు కొట్టాడు. అప్పు తీర్చి, రేకుల ఇల్లు వేసి, చెల్లెలి పెళ్ళి చేశాడు. ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆనాటి మాట గుర్తుచేశాను. ఆయన నవ్వి, “ఏం జేయమంటవు సారూ, పత్తి మమ్మల్ని తిన్నది. ఇదొక్కటే మాకు ఇంత పెట్టింది” అన్నాడు. నాకు జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కూలీలు దొరకని చోట, వరుసగా పత్తి దెబ్బతీసిన చోట, నీళ్ళు పెట్టనక్కరలేని ఈ చెట్టు ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది. పీకెయ్యాలి అని వేదికపై అరిచేవారు ఈ ఇంటి లెక్క కూడా చూడాలి.

అయితే ఆ ఇంట్లోనే మరొక లెక్క ఉంది. ఆ పెద్దాయన మన సంఘం పెట్టిన రోజు చేరిన సభ్యుడు. ఆ ఇంటి సభ్యత్వం నంబరు ఇప్పటికీ రిజిస్టరులో ఉంది. పాలు మాత్రం పోయడం లేదు. చెలక జామాయిలు అయ్యాక గట్టు గడ్డి పోయింది, సొప్ప పోయింది, గొడ్లు పోయాయి. ఆ రోజు నాకిచ్చిన టీ పాకెట్టు పాలతో కాచారు. అటువంటి నంబర్లు మీ మీ రిజిస్టర్లలో ఎన్ని ఉన్నాయో ఇంటికి వెళ్ళాక కార్యదర్శులు లెక్కపెట్టండి. ఎంత మేర ఎండి, ఎన్ని ఇళ్ళు పాలు పోయడం మానితే మీ కేంద్రానికి బండి రావడం ఆగిపోతుందో మీకు తెలుసు.

పాల బిల్లు పదిహేను రోజులకొకసారి వస్తుంది. జామాయిలు బిల్లు నాలుగేళ్ళకొకసారి. ఆ నాలుగో ఏడు ధర ఎంత ఉంటుందో మన చేతిలో లేదు. 2001 ప్రాంతంలో దక్షిణాదిన కనిపించిన బుడిపె ఈగ లేత ఆకులపై బుడిపెలు కట్టించి నర్సరీలను, కుర్ర తోటలను కొంతకాలం అతలాకుతలం చేసింది. అది కూడా చెట్టు వెనకే వచ్చిన దాని బంధువే. ఒకసారి వేశాక మనసు మారితే మోళ్ళు తవ్వించడానికి ప్రొక్లెయినర్ కిరాయి ఎంతో, తవ్వించినవారిని అడగండి.

నీళ్ళ సంగతి చాలామంది అడుగుతారు. జామాయిలు భూమిని ఎండగడుతుందా? కర్ణాటకలో 1990 ప్రాంతంలో ఏళ్ళ తరబడి కొలతలు తీశారు. లోతు తక్కువ నేలల్లో అది తీసుకునే నీరు పక్కనున్న ఆకురాల్చే అడవితో పోలిస్తే పెద్ద తేడా కనిపించలేదు. లోతైన నేలలో మాత్రం వేళ్ళు కిందికి దిగి, ఆ ఏడు పడిన వానకన్నా ఎక్కువ నీటిని తోడుకున్నాయి. కనుక రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. అది నేలను బట్టి. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా వేయవద్దని నిషేధమే పెట్టింది. మన దగ్గర అటువంటి మాట వచ్చేవరకు ఆగనక్కరలేదు. బావి పక్కన, చెరువు కింద, లోతైన నల్లరేగడిలో వేయకుండా ఉండడం మన చేతిలోని పనే.

ప్రభుత్వాల మనసు కూడా మన మనసు వంటిదే సుమా. రోడ్ల మధ్య అందంగా ఉంటుందని వేలకు వేలు నాటించిన కోనోకార్పస్ మొక్కను 2022లో తెలంగాణ నర్సరీల్లో పెంచవద్దన్నారు. అశ్వారావుపేట, దమ్మపేటల్లో మనం చూస్తున్న పామాయిలు ఆఫ్రికా చెట్టు. ఇప్పుడు దానికి అందరి దీవెనా ఉంది. నలభై ఏళ్ళ తర్వాత ఏమంటారో నేను చెప్పలేను. పామాయిలు వేసినవారికి ఒక్క మాట: మొదటి మూడేళ్ళు చెట్ల మధ్య ఖాళీలో మేత వేసుకోవచ్చు. తర్వాత నీడ పెరిగినా గినీ గడ్డి కొంత తట్టుకుంటుంది. తోట వేశాం కదా అని గేదెను అమ్మకండి.

ఇప్పుడు మన పని. చెట్టు ఏ దేశానిదని అడగడం కన్నా, నా పశువు దీన్ని తింటుందా, ఎంత తింటే మేలు, దీని గింజ ఎటు పోతుంది అని అడగడం మంచిదని నా అభిప్రాయం. సుబాబుల్ ఉన్నవారు దాన్ని కొట్టివేయనక్కరలేదు. రోజుకు 30 కిలోల పచ్చిమేత తినే గేదెకు సుబాబుల్ ఆకు 10 కిలోలు దాటనివ్వవద్దు. మిగిలినది గడ్డి, సొప్ప కావాలి. అలవాటు లేని పశువుకు కొద్దికొద్దిగా పెంచండి. చూడి పశువుకు చివరి నెలల్లో అసలు వేయకపోవడం క్షేమం. కాయ కట్టకముందే కోయండి. కాయలు ముదరనిస్తే ఆ గింజ వాగు వెంట అడవిలోకి పోతుంది, అక్కడ మన మాట వినదు.

గట్లపై గిరిపుష్పం కొమ్మలు నాటండి. అదీ మధ్య అమెరికాదే, ఆ యువ సభ్యుడు నన్ను క్షమించాలి. ఆకు వాసనకు పశువు మొదట ముఖం తిప్పుతుంది. ఒక పూట వాడబెట్టి గడ్డిలో కలిపి వేస్తే అలవాటు పడుతుంది. అవిశ వేయండి. ఇంటి వెనక దిరిసెన, మేడి, జువ్వి తమంత తాము మొలిస్తే కొట్టకండి. వేసవిలో వరిగడ్డి తప్ప ఏమీ లేని రోజున వాటి రెమ్మలే పశువు నోరు తడుపుతాయి. చెలకలో ఇప్పచెట్టు ఉంటే, ట్రాక్టరు తిరగడానికి అడ్డమని దాన్ని తీయించేముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడగండి.

జామాయిలు వేసి తీరాలనుకునేవారు ఉన్నదంతా వేయకండి. గేదెకు పది సెంట్లయినా వదలండి. నీటి వసతి ఉంటే ఆ పది సెంట్లలో నేపియర్ వేసి కోసుకోవచ్చు. చేను గట్టుకు, మొదటి వరుసకు మధ్య చోటు వదిలితే గడ్డి నిలుస్తుంది, పక్క రైతుతో తగాదా కూడా రాదు.

ఈ తొలకరికి గిరిపుష్పం కొమ్మలు, అవిశ గింజలు, కొద్దిగా సుబాబుల్ గింజలు పాల కేంద్రం వద్ద అందుబాటులో ఉంచుతామని కార్యదర్శులు చెప్పారు. కావలసినవారు తమ గట్టు పొడవు ఎన్ని అడుగులో, ఇంట్లో పశువులు ఎన్నో, అందులో చూడివి ఎన్నో పుస్తకంలో రాయించండి. సుబాబుల్ గింజలు తీసుకునే ప్రతి ఇంటికీ, ఎంత మేపాలో పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఈసారి మూటలోనే పెట్టి ఇస్తాము. చదువురాని ఇంటికి వెళ్ళి నేనే చదివి చెబుతాను.